కాంక్రీటు కింద ఎముకలు: యుగోస్లావియా దాచిన చావులు, జాతీయవాదం – తరచుగా అడిగే ప్రశ్నలు

సెర్బులు, క్రొయేట్లు, బోస్నియా ముస్లింలు లాంటి పలు జాతులవాళ్లు కలిసి ఉన్న ఒకప్పటి యూరప్ దేశం యుగోస్లావియా ఎందుకు ముక్కలైందన్న మాట వస్తే చాలామంది "అక్కడివాళ్లవి వందల ఏళ్ల పగలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చదివేకొద్దీ నాకు ఆ మాట మీద కోపం పెరిగింది. 1991లో తుపాకులు పట్టినవాళ్లలో చాలామంది తలకెక్కించుకున్నది వందల ఏళ్ల నాటి కథ కాదు. తాతను ఎవరు చంపారో ఇంట్లో గుసగుసగా విన్న కథ. ఆ గుసగుస ఎలా పుట్టింది, మైకులోకి ఎలా ఎక్కింది అనేదే ఈ ప్రశ్నల సారం.

ఇంతకీ రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ ఏం జరిగింది?

1941 ఏప్రిల్ 6న హిట్లర్ విమానాలు యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్ మీద బాంబులు వేశాయి. నాలుగు రోజులకే క్రొయేట్ల ముఖ్య నగరం జాగ్రెబ్‌లో 'స్వతంత్ర క్రొయేషియా రాజ్యం' ఏర్పడినట్టు ప్రకటించారు. పేరుకే స్వతంత్రం. జర్మనీ, ఇటలీల అండ లేకపోతే నిలబడేది కాదు. బోస్నియాను కూడా అందులోనే కలిపేశారు. దాని అధినేత ఆంటే పవెలిచ్. అతని దళాలే ఉస్తాషాలు. తమ రాజ్యంలో సెర్బులు, యూదులు, రోమాలు (జిప్సీలు) లేకుండా చేయాలన్నది వాళ్ల పంతం. ఆ ఏడాది ఆగస్టులో సావా నది ఒడ్డున యాసెనోవాట్స్‌లో నిర్బంధ శిబిరం తెరిచారు. దాన్ని నడిపింది జర్మన్లు కాదు, ఉస్తాషాలే. అక్కడ చంపింది ఎక్కువగా కత్తులతో, సుత్తులతో. మిగతావాళ్లను ఆకలి, రోగాలు తీసుకుపోయాయి.

ఇంకోవైపు చేత్నిక్‌లు. రాజుకు విధేయులైన సెర్బు జాతీయవాదులు. వీళ్లు ఫోచా, విషెగ్రాద్, గొరాజ్దె ప్రాంతాల్లో బోస్నియా ముస్లింలను ఊళ్లకు ఊళ్లే ఊచకోత కోశారు. 1943 ఫిబ్రవరి దాడుల మీద చేత్నిక్ కమాండర్ పావ్లె జురిషిచ్ పైవాళ్లకు పంపిన నివేదికలో, సుమారు 1,200 మంది సాయుధులతో పాటు 8,000 మంది ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను చంపామని తానే రాసుకున్నాడు.

మూడో పక్షం టిటో నాయకత్వంలోని కమ్యూనిస్టు గెరిల్లాలు, అంటే పార్టిజాన్లు. అన్ని జాతులవాళ్లూ ఉన్న సైన్యం ఇదొక్కటే. గెలిచింది కూడా ఇదే. 1945 మేలో ఆస్ట్రియా సరిహద్దు ఊరు బ్లైబుర్గ్ దగ్గర లొంగిపోయిన ఉస్తాషాలను, క్రొయేషియా సైనికులను, వాళ్లతో ఉన్న కొందరు సామాన్యులను విచారణ లేకుండా వేల సంఖ్యలో చంపింది కూడా ఇదే.

అంత జరిగాక టిటో ప్రభుత్వం ఎందుకు మాట్లాడనివ్వలేదు?

ఒక కారణాన్ని మనం గౌరవించాల్సిందే. చంపినవాడు, చచ్చినవాడి కొడుకు ఒకే ఊళ్లో, ఒకే సహకార సంఘంలో, ఒకే ఫ్యాక్టరీలో పనిచేయాలి. 'సోదరత్వం, ఐక్యత' అన్నది కొత్త దేశపు మూలమంత్రం. జాగ్రెబ్ నుంచి బెల్‌గ్రేడ్ పోయే పెద్ద రోడ్డుకు ఆ పేరే పెట్టారు. ఆ రోడ్డు మీది నుంచి యాసెనోవాట్స్ కొద్ది కిలోమీటర్లే.

రెండో కారణం అంత గౌరవమైనది కాదు. నిజం మొత్తం చెబితే గెలిచినవాళ్ల చేతులకంటిన రక్తం కూడా బయటపడుతుంది. బ్లైబుర్గ్ సంగతి ఒకటే కాదు. 1941 సెప్టెంబరులో వాయవ్య బోస్నియాలోని కులెన్ వకూఫ్‌లో, ఉస్తాషాల మీద తిరగబడ్డ సెర్బు రైతులు సుమారు 2,000 మంది ముస్లింలను చంపారు. ఆ తిరుగుబాటుదారుల్లో కొందరు తర్వాత పార్టిజాన్లయ్యారు, యుద్ధవీరులయ్యారు. అలాంటి ఊళ్లో స్మారకం కడితే దాని మీద ఏమని రాస్తారు? అందుకే కట్టలేదు.

అంటే పూర్తిగా నిశ్శబ్దమేనా? బోలెడన్ని స్మారకాలు కట్టారని విన్నాం కదా?

నిజమే, కట్టారు. యాసెనోవాట్స్‌లోనే 1966లో బొగ్దాన్ బొగ్దానోవిచ్ రూపొందించిన 'రాతి పువ్వు' లేచింది. పాఠ్యపుస్తకాల నిండా యుద్ధమే. కాబట్టి అణచివేత అంటే ఎవరూ ఏమీ అనకపోవడం అనుకోవద్దు. ఒక పద్ధతిలో మాత్రమే అననివ్వడం.

ఆ పద్ధతి ప్రకారం చచ్చిపోయినవాళ్లందరూ 'ఫాసిజం బాధితులు'. చంపినవాళ్లు 'ఆక్రమణదారులు, వాళ్ల తొత్తులు'. చచ్చినవాడు సెర్బు కాబట్టే చచ్చాడని గాని, చంపినవాడు పక్క ఊరి మనిషని గాని ఎక్కడా ఉండదు. తండ్రి ఎలా పోయాడో తెలిసిన కొడుక్కి ఆ శిలాఫలకం చదివితే ఏమనిపిస్తుంది? తన ఇంటి చావును ఎవరో అరువు తీసుకుని పేరు చెరిపేశారని. నా ఉద్దేశంలో పూర్తి మౌనం కంటే ఈ సగం మాటే ఎక్కువ చేటు చేసింది. మౌనాన్ని జనం మరచిపోయినా మరచిపోవచ్చు. అబద్ధం చెక్కిన రాయి మాత్రం రోజూ కళ్లెదుటే ఉంటుంది.

ఎంతమంది చనిపోయారు? ఒక్కో చోట ఒక్కో లెక్క ఎందుకు కనిపిస్తుంది?

ఈ ప్రశ్నే అన్నిటికీ మూలం. కొంచెం ఓపిగ్గా చదవండి.

యుద్ధం అయిన వెంటనే, నష్టపరిహారం అడగడానికి, యుగోస్లావియా ప్రభుత్వం 17 లక్షల మంది చనిపోయారని ప్రపంచానికి చెప్పింది. అది నిజానికి మరణాల లెక్క కాదు. యుద్ధం లేకపోతే జనాభా ఎంత ఉండేదో, యుద్ధం తర్వాత ఎంత ఉందో ఆ తేడా. అందులో పుట్టాల్సి పుట్టని పిల్లలున్నారు, దేశం విడిచిపోయినవాళ్లున్నారు. ఒకసారి చెప్పేశాక వెనక్కి తీసుకోవడం కుదరలేదు.

1964లో మళ్లీ పరిహారం కోసమే, ఈసారి పశ్చిమ జర్మనీని అడగడానికి, ఊరూరా తిరిగి పేరుపేరునా రాయించారు. తేలింది 5,97,323 పేర్లు. జాబితాలో చేరనివాళ్లున్నారు, ఓడిన పక్షంవాళ్లను లెక్కలోకే తీసుకోలేదు. అయినా 17 లక్షలకు దీనికి పొంతనే లేదు. ప్రభుత్వం చేసిన పని ఒక్కటే: ఆ జాబితాను దశాబ్దాల పాటు బీరువాలో పెట్టి తాళం వేయడం. ఆరు లక్షల మందిని పేరుపెట్టి పిలవగలిగి కూడా పిలవలేదు. ఆ బీరువా సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

తాళం వేసిన చోట ఊహాగానాలు మొలిచాయి. యాసెనోవాట్స్ ఒక్కదానిలోనే ఏడు లక్షలన్నది అధికారిక మాట. 1980లలో బెల్‌గ్రేడ్‌లో కొందరు దాన్ని పది లక్షలకు తీసుకెళ్లారు. జాగ్రెబ్‌లో ఒకప్పటి పార్టిజాన్ జనరల్, తర్వాత చరిత్రకారుడైన ఫ్రాన్యో టుజ్‌మన్ దాన్ని 30, 40 వేలకు దించాడు. ఒక పక్క ప్రతి సున్నా చేర్చినప్పుడల్లా క్రొయేట్ జాతి మొత్తం హంతకులయ్యేది. ఇంకో పక్క ప్రతి సున్నా తీసినప్పుడల్లా సెర్బుల ఏడుపంతా బూటకమయ్యేది.

ఇదే సమయంలో ఇద్దరు మనుషులు వేర్వేరు చోట్ల కూర్చుని నిదానంగా లెక్క వేశారు. బొగొల్యుబ్ కోచోవిచ్ సెర్బు, వ్లాదిమిర్ జెర్యావిచ్ క్రొయేట్. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చేసిన ఆ లెక్కల్లో దేశం మొత్తం మీద మరణాలు ఒకరికి 10.14 లక్షలు, ఇంకొకరికి 10.27 లక్షలు వచ్చాయి. ఒకరు చెప్పింది ఇంకొకరి లెక్కతో దాదాపు కలిసింది. కానీ మైకుల ముందున్నవాళ్లకు ఆ అంకె పనికిరాలేదు.

ఇప్పుడు యాసెనోవాట్స్ స్మారక సంస్థ పేర్లతో సహా తేల్చినవాళ్లు 83,145 మంది. అందులో సెర్బులు 47,627, రోమాలు 16,173, యూదులు 13,116. ఉస్తాషాలను ఎదిరించిన క్రొయేట్లూ ఉన్నారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలు 20,101 మంది. ఏడు లక్షలు కాకపోతే నేరం చిన్నదైపోతుందని వాదించేవాళ్లు ఈ చివరి అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

ప్రభుత్వం మాట్లాడనివ్వకపోతే ఆ జ్ఞాపకాలు ఎక్కడ బతికాయి?

ఇళ్లల్లో, చర్చిల్లో, విదేశాలకు పోయిన కుటుంబాల్లో. అన్నిటికంటే ఎక్కువగా నేల కింద.

బోస్నియాకు దక్షిణాన ఉన్న హెర్జెగోవినా సున్నపురాయి నేల. కొండల్లో సహజంగా ఏర్పడ్డ లోతైన బిలాలుంటాయి. వాటిని అక్కడ 'యామా' అంటారు. 1941 ఆగస్టులో ప్రెబిలోవ్‌ట్సి అనే సెర్బు ఊరి ఆడవాళ్లను, పిల్లలను రైల్లో ఎక్కించి తీసుకెళ్లి, షుర్‌మాన్‌ట్సి దగ్గర గొలుబింకా అనే బిలంలోకి తోసేశారు. అయిదారు వందల మంది. తోసింది ఎక్కడినుంచో వచ్చినవాళ్లు కాదు, చుట్టుపక్కల ఉస్తాషాలు. వెయ్యిమంది ఉన్న ఊళ్లో ఎనిమిది వందల మందికి పైగా ఆ ఎండాకాలంలోనే పోయారు.

యుద్ధం తర్వాత బతికి ఉన్న మగవాళ్లు తిరిగొచ్చారు. మళ్లీ పెళ్లిళ్లు చేసుకున్నారు, ఇళ్లు కట్టుకున్నారు. ఎముకలు మాత్రం బిలంలోనే. 1960ల మొదట్లో అధికారులు ఆ బిలాల మూతుల మీద కాంక్రీటు పోయించారు. గౌరవంగా మూశామన్నారు. మనవైపు చనిపోయినవాళ్ల ఎముకలు గంగలో కలపకపోతే పెద్దల ఆత్మ కుదుటపడదంటాం కదా. అక్కడ ఇరవై ఏళ్లు బిలంలో పడి ఉన్న తల్లికి, చెల్లికి సమాధి లేదు, దీపం లేదు, ప్రార్థన లేదు. మీద సిమెంటు.

1990, 91లలో ఆ కాంక్రీటు పగలగొట్టారు. అప్పుడు కూడా దుఃఖాన్ని దుఃఖంగా ఉండనివ్వలేదు. ఎముకలు బయటికి తీయడం, వరసగా పేర్చడం, ఊరేగింపుగా తీసుకెళ్లడం టీవీల్లో, పత్రికల్లో రోజూ నడిచింది. 1991 ఆగస్టులో ప్రెబిలోవ్‌ట్సి స్మారక చర్చిలో వాటిని ఉంచేటప్పటికి క్రొయేషియాలో యుద్ధం మొదలైపోయింది. మరుసటి ఏడాది క్రొయేట్ దళాలు ఆ ఊరిని పట్టుకుని ఆ స్మారకాన్నే పేల్చేశాయి. ఒకే మనుషులను రెండుసార్లు చంపినట్టు అనిపిస్తుంది నాకు. కొత్త చర్చి 2015లో పూర్తయింది.

నాయకులు దీన్ని ఎలా వాడుకున్నారు?

టిటో 1980 మే 4న చనిపోయాడు. అప్పులు, ధరలు, నిరుద్యోగం పెరుగుతున్నాయి. కమ్యూనిస్టు పార్టీ మాటను ఎవరూ నమ్మని స్థితి. అప్పుడు నవలలు, నాటకాలు, పత్రికలు ఒక్కొక్కటిగా పాత గోతుల గురించి మాట్లాడటం మొదలుపెట్టాయి. మొదట్లో అది నిజాయతీగా వచ్చిన ఊపిరే. పాలకుల అబద్ధం మీద తిరుగుబాటు కూడా.

దాన్ని ముందుగా పసిగట్టినవాడు సెర్బియా కమ్యూనిస్టు నాయకుడు స్లొబొదాన్ మిలోషెవిచ్. 1987 ఏప్రిల్‌లో అల్బేనియన్లు ఎక్కువగా ఉండే కొసోవోలోని కొసోవో పోల్యె ఊళ్లో పోలీసులు కొడుతున్నారని మొరపెట్టుకున్న సెర్బులతో, మిమ్మల్ని ఎవరూ కొట్టడానికి వీల్లేదన్నాడు. ఒక్క రాత్రిలో ఒక పార్టీ ఉద్యోగి జాతి నాయకుడయ్యాడు. 1988, 89లలో సెర్బియా చర్చి ఒట్టోమన్ తురుష్కులతో జరిగిన 1389 కొసోవో యుద్ధంలో చనిపోయిన రాజు లాజర్ అస్థికలను ఊరూరా తిప్పింది. 1389, 1941, 1989 ఒకే గొలుసుగా కుట్టేశారు. మనం ఎప్పుడూ చంపబడేవాళ్లమే, ఈసారి ముందే లేవాలి అన్నదే అందులోని మాట.

జాగ్రెబ్‌లో టుజ్‌మన్ అటు నుంచి నరుక్కొచ్చాడు. 1990 ఫిబ్రవరిలో తన పార్టీ మహాసభలో, ఆ యుద్ధకాలపు రాజ్యం కేవలం తొత్తు రాజ్యం కాదు, క్రొయేట్ ప్రజల చారిత్రక ఆకాంక్ష కూడా అన్నాడు. ఎన్నికలు గెలిచాక జాగ్రెబ్‌లోని 'ఫాసిజం బాధితుల కూడలి' పేరు తీసేసి 'క్రొయేట్ మహనీయుల కూడలి' అని పెట్టారు. (2000లో పాత పేరు తిరిగి వచ్చింది.) 1990 డిసెంబరు రాజ్యాంగంలో సెర్బులు రాజ్య స్థాపక జాతి హోదా పోగొట్టుకుని అల్పసంఖ్యాకులయ్యారు. తండ్రి యాసెనోవాట్స్‌లో పోయిన ఒక సెర్బు రైతు కళ్లతో ఇవన్నీ చూడండి. బెల్‌గ్రేడ్ టీవీ అతనికి కొత్తగా భయం నేర్పనక్కర్లేదు. "చూశావా, ఉస్తాషాలు మళ్లీ వచ్చారు" అంటే చాలు.

ఇక్కడే అసలు మోసం. 1941లో జరిగింది నిజం. 1990లో పక్కింటి క్రొయేట్ ఉస్తాషా అన్నది అబద్ధం. నిజాన్ని అడ్డం పెట్టుకున్న అబద్ధాన్ని ఎదిరించడం చాలా కష్టం, ఎందుకంటే ఎదిరించినవాణ్ని "మా వాళ్ల చావును కాదంటావా?" అని నిలదీస్తారు.

అయితే పాత పగల వల్లే యుద్ధం వచ్చిందన్నమాట నిజమే కదా?

కాదు. కలిసి చదువుకున్నారు, కలిసి ఉద్యోగాలు చేశారు, బోస్నియా రాజధాని సరాయెవోలాంటి నగరాల్లో ఒకరినొకరు పెళ్లాడారు. పగే కారణమైతే 1965లోనే కొట్టుకుని ఉండాలి. జ్ఞాపకం ఎండుకట్టె లాంటిది, దానంతటది అంటుకోదు. ఆయుధాలు పంచినవాళ్లు, రోడ్ల మీద దుంగలు అడ్డం వేయించినవాళ్లు, పత్రికల్లో శీర్షికలు పెట్టించినవాళ్లు మనుషులు. వాళ్లకు పేర్లున్నాయి, పదవులున్నాయి. పాత పగ అని చేతులు దులుపుకుంటే ముందుగా తప్పించుకునేది వాళ్లే.

ఒకప్పటి బాధితుల పిల్లలు తర్వాత అంత ఘోరాలు ఎలా చేయగలిగారు?

వాయవ్య బోస్నియాలోని కొజారా కొండల ప్రాంతం చూడండి. 1942 వేసవిలో జర్మన్, ఉస్తాషా సైన్యాలు ఆ కొండలను చుట్టుముట్టి వేలాది సెర్బు కుటుంబాలను శిబిరాలకు తోలాయి. ఆ కొండల కింద ఉన్న పట్టణం ప్రియెదోర్. సరిగ్గా యాభై ఏళ్లకు, 1992లో బోస్నియా యుద్ధం మొదలయ్యాక, ఆ పట్టణంలో సెర్బు అధికారులు ముస్లింలు, క్రొయేట్లు తమ ఇళ్లకు తెల్లగుడ్డలు కట్టాలని, బయటికొస్తే చేతికి తెల్లపట్టీ కట్టుకోవాలని ఆదేశించారు. ఒమార్‌స్కా, కెరాతెర్మ్, త్రనొపొల్యె శిబిరాలు తెరిచారు. ఆ ప్రాంతంలో చనిపోయిన 102 మంది పిల్లలకు ఒక స్మారకం కావాలని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. కొజారా కొండ మీద మాత్రం పెద్ద స్మారకం ఉంది.

ఆ యుద్ధంలో బోస్నియా సెర్బు సైన్యాన్ని నడిపిన జనరల్ రాత్కో మ్లాదిచ్ తండ్రి 1945లో ఉస్తాషాలతో పోరులో చనిపోయాడు. కొడుక్కి అప్పటికి రెండేళ్లో మూడేళ్లో. 1995 జులై 11న తూర్పు బోస్నియాలోని స్రెబ్రెనిట్సాలో అడుగుపెట్టి, కెమెరా ముందు, తురకల మీద పగ తీర్చుకునే సమయం వచ్చిందన్నాడు. తర్వాతి రోజుల్లో 8,000 మందికి పైగా బోస్నియా ముస్లిం మగవాళ్లను, అబ్బాయిలను చంపారు. వాళ్లెవరూ అతని తండ్రిని చంపినవాళ్లు కాదు. అతను పేరెత్తింది 1804లో సెర్బులు తిరగబడిన ఒట్టోమన్ పాలన నాటి తురకలను. పగ ఎవరి మీదనో తేల్చకుండా పెంచితే అది దగ్గర దొరికినవాడి మీద పడుతుంది. అంతమాత్రాన అతని నేరం తగ్గదు. అలాగే తండ్రి పోయిన వేలమంది పిల్లలు ఎవరినీ చంపలేదు.

ఏ పక్షానికీ పనికిరాని జ్ఞాపకాలు ఏమయ్యాయి?

డయానా బుదిసావ్ల్యెవిచ్ గురించి చెప్తాను. ఆమె ఇన్స్‌బ్రుక్‌లో పుట్టిన ఆస్ట్రియన్. భర్త సెర్బు, జాగ్రెబ్‌లో సర్జన్. యుద్ధంలో శిబిరాల నుంచి, ముఖ్యంగా కొజారా నుంచి తెచ్చిన సెర్బు పిల్లలను, సుమారు పదివేల మందిని, స్నేహితులతో కలిసి బయటికి తీసుకొచ్చింది. చాలామందిని క్రొయేట్ కుటుంబాలే పెంచుకున్నాయి. ఏ పిల్ల ఎక్కడినుంచి వచ్చింది, ఎవరింటికి వెళ్లింది అని ఒక్కొక్కరికీ కార్డు రాసి పెట్టింది, ఎప్పటికైనా కన్నవాళ్లకు చేర్చొచ్చని. 1945 మేలో కొత్త ప్రభుత్వపు పోలీసులు ఆ కార్డుల పెట్టె తీసుకెళ్లిపోయారు. ఆమె 1978లో చనిపోయేదాకా బహిరంగంగా ఆ ఊసు ఎత్తలేదు. డైరీ 2003లో అచ్చయింది.

కమ్యూనిస్టులకు ఆమె బూర్జువా ఇంటి మనిషి. సెర్బు జాతీయవాదికి క్రొయేట్ ఇళ్లు సెర్బు పిల్లలను కాపాడాయన్న మాట గిట్టదు. క్రొయేట్ జాతీయవాదికి అసలు ఆ శిబిరాల ఊసే గిట్టదు. 1990లో ఎవరి సభలోనూ ఆమె పేరు వినపడలేదు.

ఇప్పుడెలా ఉంది?

గొప్పగా ఏమీ లేదు. 2016లో యాసెనోవాట్స్ ఊళ్లోనే, 1991 యుద్ధంలో పోయిన క్రొయేట్ సైనికుల పేర ఉస్తాషాల నినాదంతో సహా ఫలకం పెట్టారు. గొడవ అయ్యాక తీసి పక్క పట్టణంలో పెట్టారు. యూదు, సెర్బు సంఘాలు కొన్నేళ్లు ప్రభుత్వ నివాళి సభకు వెళ్లడం మానేసి వేరేగా పూలు పెట్టుకున్నాయి. 2021లో బెల్‌గ్రేడ్‌లో మ్లాదిచ్ బొమ్మ గోడకెక్కింది, దాన్ని చెరపబోయినవాళ్లను అడ్డుకున్నారు. 2020 మేలో బ్లైబుర్గ్ మృతుల కోసం సరాయెవోలో ప్రార్థన పెడితే వేలమంది వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. ఒకరి చావుకు ఏడిస్తే ఇంకొకరి చావును అవమానించినట్టే అన్న లెక్క ఇంకా పోలేదు.

మన దగ్గర ఇలాంటిది ఉందా?

ఉంది, హైదరాబాద్ 1948. పోలికను సాగదీయను. రజాకార్లు బైరాన్‌పల్లిలాంటి ఊళ్లలో చేసిన హత్యలు నిజం. సెప్టెంబరు సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత, ముస్లింల మీద జరిగిన హత్యలూ నిజం. ఇవి మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో మరీ ఎక్కువ. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక కొన్ని దశాబ్దాలు ప్రజల ముందుకు రాలేదు. మా వైపు ముసలివాళ్లు "రజాకార్ల జమానా" అని మొదలుపెట్టి సగంలో ఆపేసేవాళ్లు. ఇప్పుడు ప్రతి సెప్టెంబరు 17న ఒకరు విమోచనమంటారు, ఇంకొకరు సమైక్యతంటారు, మరొకరు ప్రజాపాలనంటారు. పేరు కోసం ఇంత కొట్లాట జరుగుతోంది, పోయినవాళ్ల ఊరువారీ జాబితా మాత్రం ఏ వేదిక మీదా కనిపించదు.

పాత గాయాలు కెలకడం దేనికి? అందరూ మరచిపోతే పోలేదా?

యుగోస్లావియా చేసి చూసింది అదే. నలభై అయిదేళ్లు మరచిపొమ్మన్నారు. కుటుంబాలు మరచిపోలేదు. పక్కవాడు ఏం గుర్తుపెట్టుకున్నాడో మాత్రం ఎవరికీ తెలియకుండా పోయింది. ఆ చీకట్లోనే మిలోషెవిచ్, టుజ్‌మన్ వ్యాపారం చేసుకున్నారు.

కెలకడానికీ లెక్క తేల్చడానికీ తేడా ఉంది. యాసెనోవాట్స్ మ్యూజియంలో 2006 నుంచి చచ్చిపోయినవాళ్ల పేర్లు గాజు పలకల మీద రాసి పైకప్పు నుంచి వేలాడదీశారు. జాబితాలో ఒక్కొక్కరికీ తండ్రి పేరు, పుట్టిన ఏడు, ఊరు ఉంటాయి. అది పూర్తయిన జాబితా కాదు. ఎవరైనా ఆధారాలు పట్టుకొస్తే కొత్త పేరు చేరుస్తారు, తప్పుగా పడిన పేరును సరిచేస్తారు.